మూడోసారి తప్పితే...

"అదేమిట్రా, అప్పుడే పైకొచ్చేశావ్? ఇంకా బోలెడు టైముందిగా!"

నా కంగారు చూసి మా చెల్లెలి కొడుకు నవ్వాడు. "మూడోసారి తప్పాను పెద్దమ్మా! ఇంక ఆపెయ్యాలి. అది రూలు."

కిందటేడు డాలస్‌లో చెల్లెలింట్లో ఉన్నప్పటి మాట. పన్నెండేళ్ళ మావాడు ఈతపోటీలకి తయారవుతున్నాడు. తప్పితే ఇంకో పదిసార్లు చేయించాలి గానీ, ఆపెయ్యడమేమిటి? పూర్తి ఫీజు కట్టాక అలా పైకి వచ్చేస్తుంటే మధ్యతరగతి ప్రాణం ఊరుకుంటుందా చెప్పండి!

ఇంటికొచ్చాక వాడే విడమరిచి చెప్పాడు. 100 గజాలు నిమిషంలో ఈదాలనుకోండి. అందుకోసం రోజూ మైళ్ళకొద్దీ మెల్లగా ఈదరట. 25 గజాలే ఈదుతారు. కానీ అసలు పందెంలో ఉండాల్సిన వేగంతోనే, అంటే 15 సెకన్లలో. కాసిని సెకన్లు ఆగి మళ్ళీ 25. ఇలా ఇరవైసార్లు, ముప్ఫైసార్లు. టైము దాటిపోతే ఒక వాయి మానేసి ఊపిరి తీసుకోవాలి. వరసగా రెండుసార్లు గానీ, మొత్తంమీద మూడుసార్లు గానీ తప్పితే ఆ సెట్ అంతటితో సరి.

ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చినాయన శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన బ్రెంట్ రషాల్. మెల్లగా ఈదే చెయ్యి మెల్లగా ఈదడమే నేర్చుకుంటుందంటారాయన. అలిసిపోయి ఈదితే బార తప్పుతుంది. ఒళ్ళు ఆ తప్పునే కంఠస్థం చేసేస్తుంది.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. దూరాలు ఈదకపోతే దమ్మెక్కడినుంచి వస్తుందన్నారు పాతకాపులు. ఈ పద్ధతిలోనే తండ్రి దగ్గర పెరిగిన అమెరికా కుర్రాడు మైఖేల్ ఆండ్రూ 14 ఏళ్ళకే, 2013లో, ప్రొఫెషనల్ అయ్యాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో 200 మీటర్ల మెడ్లీ ఫైనల్లో 150 మీటర్ల దాకా అందరికన్నా ముందున్నాడు. ఆఖరి 50లో వెనకబడి అయిదోవాడయ్యాడు. "చూశారా!" అన్నారు కాదన్నవాళ్ళు. అదే ఒలింపిక్స్‌లో మెడ్లీ రిలేలో ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచిన నలుగురిలో అతనూ ఒకడు. "చూశారా!" అన్నారు ఔనన్నవాళ్ళు.

ఆ తగువు కోచ్‌లకి వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది ఆ మూడోసారి రూలు.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక రాత్రి భిన్నాల లెక్కలు చేయిస్తున్నాను. చేసిందల్లా తప్పే. "వచ్చేదాకా లేవడానికి వీల్లేదు" అన్నాను. పదకొండయింది. దాని బుగ్గలమీద కన్నీళ్ళు చారలు కట్టాయి. పిల్లకి పట్టుదల నేర్పుతున్నానని నాకు లోలోపల ఎంత గర్వమో!

ఈ ఈత సంగతి చెప్తే, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: "అమ్మా, ఆ రాత్రి తొమ్మిదింటికే నా బుర్ర ఆగిపోయింది. ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఒక్కటే, నేనొట్టి మొద్దునని."

ఏం జవాబు చెప్పను?

కష్టపడటం మంచిదే. కానీ ఎంత కష్టమైతే అంత పుణ్యమని మనకి ఎవరు చెప్పారు? ఎన్ని గంటలు కూర్చున్నారని అడుగుతాం గానీ, ఏం వచ్చిందని అడగం. అలాగని ఈ రూలు బద్ధకస్తులకి వరమేం కాదు. నాలుగు గంటలు పుస్తకం ముందేసుకుని పగటికలలు కనొచ్చు. 15 సెకన్లలో 25 గజాలు ఈదేటప్పుడు దాక్కోవడానికి చోటుండదు. శక్తంతా పెట్టాకే తప్పుతారు. అలా తప్పినవాణ్ణి తిట్టకుండా, ఈ పూటకి నీ హద్దు ఇదీ అని చెప్పి ఇంటికి పంపుతారు. రేపు మళ్ళీ వస్తాడు.

ఆ కొలను దగ్గర ఆపమని చెప్పేది గడియారం. మా ఇంట్లో ఆ రాత్రి గడియారం పని నా కోపం చేసింది. కోపానికి అలుపు రాదు కదా! పిల్ల అలుపు దానికేం తెలుస్తుంది?

నిన్న రాత్రి ఈ వ్యాసం రాస్తూ ఒకే వాక్యాన్ని మూడుసార్లు కొట్టేశాను. కలం మూసి పడుకున్నాను. మిగతాది పొద్దున్నే లేచి రాశాను.