విధించుట, వెలివేయుట

పఠనభాగము: 2 కొరింథీయులకు 2:5–11

ఇంగ్లీషు భాషలో కవలపిల్లలవంటి రెండు మాటలు కలవు. ఒకటి ప్రిస్క్రైబ్, రెండవది ప్రోస్క్రైబ్. మన లిపిలో వ్రాసినయెడల మొదటి అక్షరమునకు గుడియా, ఓత్వమా అనునంతే భేదము. అర్థమునకు వచ్చుసరికి ఒకటి తూర్పు, ఒకటి పడమర. మొదటిది ‘ఇది చేయుము, ఇది పుచ్చుకొనుము’ అని విధించుట. డాక్టరుగారి మందుచీటికి ప్రిస్క్రిప్షను అను పేరు దీనినుండియే వచ్చినది. రెండవది ‘ఇది కూడదు’ అని నిషేధించుట, లేక మనిషిని వెలివేయుట.

రెండును లాటిను భాషలో ‘వ్రాయుట’ అను ఒక్క మాటనుండి పుట్టినవే. మొదటిది ముందుగా వ్రాసియుంచుట. రెండవది పదిమంది చూచునట్లు వ్రాసిపెట్టుట. క్రీ.పూ. 82లో రోమా నగరమును వశపరచుకొనిన సుల్లా అను సేనాని తన విరోధుల పేళ్లు పట్టిక వ్రాయించి బహిరంగస్థలమున పెట్టించెను. అందు పేరున్నవానిని ఎవరైనను చంపవచ్చును, చంపినవానికి బహుమానము. ఒక వ్రాత బ్రదికించును, ఒక వ్రాత చంపును.

అయితే ‘కూడదు’ అనునదెల్ల చెడ్డదేనా? కాదు. మన ఇండ్లలో మందుతోపాటు పథ్యమును కలదు గదా! జబ్బుపడిన బిడ్డ ఎంత యేడ్చినను తల్లి పులుపు పెట్టదు. అది కోపము కాదు. నిషేధము మందుచీటిలో ఒక భాగమై యున్నంతవరకు అది ప్రేమయే.

ఈ భేదమును మన ప్రాంతమే చూచినది. నాడు చిత్తూరు జిల్లాలో చేరియున్న మదనపల్లె దగ్గర, ఆరోగ్యవరములో, అనేక మిషనులవారు కలిసి నడిపిన క్షయరోగ శానిటోరియం 1915లో తెరువబడెను. తగిన మందులు లేని ఆ దినములలో విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము విధించెడివారు. పనిని, ఇంటివాసమును మాన్పించెడివారు. ఊరును రోగిని దూరముంచెను, శానిటోరియమును ఇంటికి దూరముంచెను. కాని ఊరు పొమ్మన్నది, ఆరోగ్యవరము రమ్మన్నది.

తరువాత మందులు వచ్చెను. 1956లో మదరాసులో ఆరంభమైన పరిశోధన, ఇంటనుండి మందు పుచ్చుకొన్నవారును శానిటోరియంలోని వారివలెనే స్వస్థపడుదురని 1959లో తేల్చెను. అంతట వైద్యులు ఆ పాత కట్టడిని సడలించిరి. వైద్యుని నిషేధమునకు ముగింపు కలదు. వెలికి ముగింపు లేదు.

ప్రియులారా, మన సంఘముల మాటేమి? ఒకడు త్రాగుడులో పడెను. ఒక చెల్లెలు పెద్దలకు ఇష్టములేని వివాహము చేసికొనెను. కమిటీ కూర్చుండి ప్రభువు బల్లకు దూరముంచితిమి. ఏడాది గడిచెను. మనలో ఎవరైనను ఆ గడప త్రొక్కితిమా? లేనియెడల మనము వ్రాసినది మందుచీటి కాదు, సుల్లా పట్టికయే.

పౌలు తప్పును తప్పు అనకుండ ఊరకుండలేదు. దుష్కార్యము చేసినవానిని వెలుపల ఉంచుడని కొరింథు సంఘమునకు వ్రాసినవాడు ఆయనే. అయితే వాని ఆత్మ రక్షింపబడవలెననియే అట్లు వ్రాసెను. అదే సంఘమునకు రెండవ పత్రికలో, శిక్షపొందినవాడు అధిక దుఃఖములో మునిగిపోకుండ వానిని క్షమించి ఆదరింపుడని బతిమాలుచున్నాడు. ఆ రెండు వ్రాతలకును కలము ఒక్కటే, ప్రేమయు ఒక్కటే.

కాబట్టి మినిట్సు పుస్తకములో ఒకరి పేరు వ్రాయవలసి వచ్చినప్పుడు, దాని ప్రక్కనే మరి రెండు మాటలు వ్రాసికొందము: వారిని చూడబోవువారెవరు? వారు తిరిగి వచ్చు దారి యేది? మనకు విరోధముగానున్న పత్రమును క్రీస్తు సిలువకు మేకులతో కొట్టి, తుడిచివేసెనని కొలొస్సయుల పత్రిక చెప్పుచున్నది. మన పేరు ఆ రీతిగా కొట్టివేయబడియుండగా, సహోదరుని పేరును గోడకు తగిలించుటకు మనమెవరము? ఈ నెల ఆదివార ఆరాధనలో ఖాళీగానున్న చోటును చూచి, ఆ యింటికి బయలుదేరుదము గాక.