రాయగలవాడి బాకీ

దోహాకు నైరుతిన ఇండస్ట్రియల్ ఏరియా ఉంది. గ్యారేజీలు, వర్క్‌షాపులు, గోదాములు, వాటిని ఆనుకుని కార్మికుల క్యాంపులు. అక్కడికి మరీ దూరం కాని ఎడ్యుకేషన్ సిటీలో ఖతార్ నేషనల్ లైబ్రరీ 2017 నవంబరులో తలుపులు తెరిచింది. పది లక్షలకు మించిన పుస్తకాలున్నాయి, ఖతార్ ఐడీ ఉన్నవాళ్లకు సభ్యత్వం ఉచితం. జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లిన మేస్త్రీకి ఆ తలుపు తెరిచి ఉండటం దయా, హక్కా? మనవాళ్లు విద్యాదానం అంటారు. దానమే అయితే ఇవ్వనివాణ్ణి నిలదీసే వీల్లేదు. నా దృష్టిలో అది బాకీ. బాకీపడ్డవాడు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తే సరిపోదు.

గల్ఫ్ కార్మికుడి బతుకు అప్పుతో మొదలవుతుంది. ఏజెంటు రుసుముకు భారత ప్రభుత్వం పెట్టిన హద్దు 30,000 రూపాయలు, పన్ను అదనం. ఊళ్లో చేతులు మారే సొమ్ము సాధారణంగా దానికి ఎన్నో రెట్లు. లక్షన్నర మూడు రూపాయల మిత్తికి తెచ్చాడనుకుందాం. నెలకు 4,500, రెండేళ్ల కాంట్రాక్టు ముగిసేసరికి 1,08,000 వడ్డీకే పోతాయి, అసలు అసలుగానే ఉంటుంది. అదే రూపాయి వడ్డీకి దొరికితే 36,000తో పోయేది. ఖతార్‌లో 2021 నుంచి అమలవుతున్న కనీస మూలవేతనం 1,000 రియాళ్లు. ఆ రెండు వడ్డీల తేడా ఈ వేతనం లెక్కన దాదాపు మూడు నెలల కష్టం. ఈ లెక్క ముందే వేసి చూపించే మనిషి ఒకడు ఉండాలి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం, రెండో సూరాలోని 282వది, స్వర్గం గురించి కాదు, అప్పు పత్రం గురించి. గడువు పెట్టి తీసుకున్న అప్పును రాసుకోమంటుంది, రాయడం వచ్చినవాడు రాయనని మొండికేయకూడదంటుంది. అంటే అక్కడ భారం అక్షరం రానివాడి మీద కాదు, వచ్చినవాడి మీద. మన వైదిక సంప్రదాయంలోనూ మనిషి ఋషులకు ఋణపడే పుడతాడు, చదువుతోనే దాన్ని తీర్చుకుంటాడు. రెండు మతాలూ చదువును అప్పుల ఖాతాలోనే రాశాయి.

విద్య మోక్షానికి గాని వడ్డీ లెక్కలకూ ఉద్యోగ దరఖాస్తులకూ దుకాణం పెట్టుబడికీ కాదనేవాళ్లున్నారు. పురుషార్థాల్లో అర్థాన్ని చేర్చినవాళ్లకు ఆ చిన్నచూపు లేదు. అప్పులో కూరుకున్నవాడికి వైరాగ్యం బోధించడం తేలిక, కాస్త సిగ్గుచేటు కూడా. ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అనే మాటకు ఇంకొంచెం బలముంది. కానీ అప్పు యాప్ వచ్చేదీ, దొంగ వీసా కబురు వచ్చేదీ ఆ ఫోనులోకే. కమిషన్ ఆశ లేకుండా కాగితం చదివిపెట్టే మనిషి దొరికే చోటు గ్రంథాలయం. అసలైన అభ్యంతరం మరొకటి: జీతం ఎగ్గొట్టే యజమానిని పుస్తకం ఏం చేస్తుంది? ఏమీ చేయదు, ఒప్పుకోవాలి. అది కోర్టు పని. అయితే ఖతార్‌లో 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు చట్టంలోకి వచ్చింది. ఆ సంగతి తెలియనివాడికి ఆ చట్టం లేనట్టే.

క్యాంపు కార్మికుడికి వారానికి ఒక్క శుక్రవారమే సెలవు, ఆ రోజే బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. అలాంటివాణ్ణి గొప్ప భవనానికి రమ్మనడం సగం పనే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి పుస్తకాలను పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు పంపారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్నది తెలుగు గ్రంథాలయోద్యమం ఎన్నడో తేల్చిన విషయం. పైగా ఇది ఉత్త ఉపమానపు బాకీ కాదు. తెలంగాణలో, ఆంధ్రలో ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను ఉంది. గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లూ దాన్ని కడుతున్నాయి. పోటీ పరీక్షల పిల్లలతో నిండిన ఆ జిల్లా గ్రంథాలయాల్లో, విమానం ఎక్కబోయేవాడి కాంట్రాక్టు చదివి చెప్పే బల్ల ఒకటి వేయమని అడిగే హక్కు ఆ ఇళ్లవాళ్లకు ఉంది.