నిరీక్షణము



మన పెద్దలు దినమును అఱువది ఘడియలుగా విభజించిరి. ఒక ఘడియకు 24 నిమిషములు. ఈ కొలత ధనికునకును పేదకును, రోగికిని వైద్యునకును సమానమే. అయినను పెండ్లిపందిటిలో గడచిన ఘడియ ఱెప్పపాటుగా తోఁచును. ప్రొద్దుపోయినను ఇల్లు చేరని కుమారునికొఱకు వీధితలుపు కడ నిలిచిన తల్లికి ఆ ఘడియయే జామువలె తోఁచును. గడియారము అబద్ధమాడలేదు, తల్లియు అబద్ధమాడలేదు. మఱి యీ భేదము ఎక్కడినుండి వచ్చినది? ఎదురుచూచువాని కాలమును తేలికపఱచు ఉపాయము గలదా? ఇది నేఁటి ప్రసంగవిషయము.

ఇది అల్పవిషయమని తలంపకుఁడు. బండికొఱకు, వైద్యుని పిలుపుకొఱకు, కచ్చేరిలో నొక సంతకముకొఱకు, పరీక్షాఫలితముకొఱకు, జీతపుదినముకొఱకు, వానకొఱకు మనము ఎదురుచూచుచునే యున్నాము. ఈ ఘడియలన్నియు నొక్కచోఁ గుప్పవోసినచో అది మన యాయుర్దాయములో స్వల్పభాగము కాదు. “ఈ కాలము త్వరగా గడచిపోయిన బాగుండును” అని మనము కోరునప్పుడెల్ల, మన ప్రాణములోనుండియే యొక తునకను త్రుంచి పాఱవేయుటకు సిద్ధపడుచున్నాము. ధనమును వీధిలో విసరువానిని పిచ్చివాఁడందుము. ఆయువును విసరువానిని ఏమనవలయును?

మొదట కారణమును విచారింతము. పొయ్యిమీఁది యెసరును చూచుచు కూర్చున్న ఇల్లాలికి అది యెంతకును మరుగదు. ఆమె కూర తఱుగుచున్నచో అప్పుడే మరిగినదా యని యాశ్చర్యపడును. నిప్పు మాఱలేదు, నీరు మాఱలేదు, మనస్సు నిలిచినచోటు మాత్రమే మాఱినది. మనశ్శాస్త్రజ్ఞులును ఇట్లే చెప్పుచున్నారు. కాలము నంచనా వేయవలసియున్నదని ముందుగా తెలిసి కూర్చున్నవారికి అది దీర్ఘముగా తోఁచును. పనిలో మునిఁగినవారికి అంత తోఁపదు. కాలముమీఁద మనస్సు నిలుపుటయే కాలమును సాగఁదీయుట.

1890వ సంవత్సరమున విలియం జేమ్స్ అను అమెరికా పండితుఁడు తన మనశ్శాస్త్రగ్రంథములో నొక విచిత్రమును వివరించెను. నానావిధములగు అనుభవములతో నిండిన కాలము గడచునప్పుడు స్వల్పముగాను, వెనుకకు తిరిగి చూచునప్పుడు దీర్ఘముగాను ఉండును. శూన్యముగా నున్న కాలము గడచునప్పుడు దీర్ఘము, తలంచుకొనునప్పుడు స్వల్పము. తీర్థయాత్రలోని పదిదినములు ఇట్టే గడచిపోవును. పదేండ్లపాటు చెప్పుకొనుటకు మిగులును. మంచములో పడియున్న పదిదినములు ఎంతకును తఱుగవు. తరువాత చెప్పుకొనుటకు రెండుమాటలైనను మిగులవు. ఈ సత్యమును గట్టిగా పట్టుకొనుఁడు. మున్ముందు దీనితో పని యున్నది.

మఱియు 1985వ సంవత్సరమున డేవిడ్ మైస్టర్ అను నాతఁడు వరుసలలో వేచియుండువారి మనస్సును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. పనిలేని నిరీక్షణము పనిగల నిరీక్షణముకంటె దీర్ఘము. ఎంతసేపో తెలియనిది తెలిసినదానికంటె దీర్ఘము. కారణము చెప్పఁబడనిది చెప్పఁబడినదానికంటె దీర్ఘము. అన్యాయముగా తోఁచునది న్యాయమైనదానికంటె దీర్ఘము. భయముతో కూడినది మఱింత దీర్ఘము. ఒంటరిగా చేయునది నలుగురితో చేయుదానికంటె దీర్ఘము. వ్యాపారస్థులు ఈ మాటలను తమ లాభముకొఱకు వాడుకొనుచున్నారు. మనము ధర్మముకొఱకు వాడుకొనరాదా?

కాఁబట్టి ఉపాయములు కష్టమైనవి కావు. మొదటిది, మాటిమాటికి గడియారమును చూచుట మానవలయును. రెండవది, ఎంతసేపు పట్టునో, ఎందువలననో మర్యాదగా నడిగి తెలిసికొనవలయును. తెలిసిన గంట తెలియని పావుగంటకంటె తేలిక. మూఁడవది, దీర్ఘకాలమును చిన్నభాగములుగా చేసికొనవలయును. కాలినడకను పోవువాఁడు పది క్రోసులను ఒక్కసారి తలంపఁడు. మొదట ఊరిచెఱువు, పిదప మఱ్ఱిచెట్టు, పిదప సత్రము. నాలుగవది, చేతికి పని యిడవలయును. అయిదవది, ప్రక్కనున్నవానిని పలుకరింపవలయును.

“ఇన్ని యేల? చేతిలో ఫోను ఉన్నది, దానిని చూచినచో గంట నిమిషమైపోవును” అని యువకులు అందురు. నిజమే, నేనును చూచుచుందును. అయితే జేమ్స్ పండితుఁడు చెప్పిన సత్యముతో దీనిని తూఁచి చూడుఁడు. వ్రేలితో బొమ్మలను త్రోసిన గంట గడచునప్పుడు స్వల్పమే. కాని మఱునాఁడు తలంచుకొన్నచో దానిలో నేమి మిగిలినది? నా యనుభవములో అది రెండు విధములను స్వల్పమే. గడచినప్పుడును లేదు, గడచిన పిదపను లేదు. దానిని గడపితి ననుటకంటె పోఁగొట్టుకొంటి ననుట యుక్తము.

ఇంకొక లోఁతు గలదు. 2014వ సంవత్సరమున వర్జీనియా విశ్వవిద్యాలయపు టిమొతీ విల్సన్ మొదలగువారు ఒక పరీక్షను ప్రకటించిరి. మనుష్యులను ఒక్కొక్కరిని ఏమియు లేని గదిలో పావుగంట కూర్చుండఁబెట్టిరి. తోడు తమ తలంపులే. నొక్కినచో విద్యుత్తు చురుక్కుమనిపించు నొక మీట మాత్రము దగ్గఱ నుంచిరి. ఆ బాధ మరల కలుగకుండుటకు డబ్బైనను ఇత్తుమని ముందుగా చెప్పినవారిలోనే, 18 మంది పురుషులలో 12 మందియు, 24 మంది స్త్రీలలో 6 మందియు ఒక్కసారియైనను ఆ మీటను నొక్కుకొనిరి! ఊరకుండుటకంటె నొప్పియే మేలని తోఁచినది. సోదరులారా, వారిని చూచి నవ్వకుఁడు. తనతో తాను పావుగంట కూర్చుండలేనివాఁడు ఇతరునితో జీవితకాలము ఎట్లు కాపురము చేయును? ఎదురుచూచుట మనకు దుర్భర మగుటకు సగము కారణము గడియారము కాదు; మనకు మనమే పరాయివార మగుట.

నా స్వానుభవము నొకదానిని విన్నవింతును. కొన్ని సంవత్సరముల క్రిందట నా సమీపబంధువునకు శస్త్రచికిత్స జరుగుచుండఁగా ఆసుపత్రి వసారాలో కూర్చుంటిని. రెండు గంటలలో ముగియునని చెప్పిరి. మూఁడవ గంటయు గడచెను. ఎవ్వరును బయటికి రారు, వచ్చినవారు పలుకరు. పావుగంట గడచియుండునని తల యెత్తి చూతును. నాలుగు నిమిషములు మాత్రమే గడచియుండును. ప్రక్కబల్లపై నొక వృద్ధురాలు ఒడిలో పత్తి పెట్టుకొని వత్తులు చేయుచుండెను. ఆమె నన్ను కొంతసేపు చూచి, “నాయనా, నువ్వు చూస్తే ఆ ముల్లు తొందరగా తిరుగుతుందా? ఇంద, ఈ పత్తిలో గింజలు తీసిపెట్టు” అని గుప్పెడు పత్తి నా చేతిలో పెట్టెను. సిగ్గుపడుచునే మొదలిడితిని. గింజ వెనుక గింజ తీయుచుండఁగా ఆమె తన ఊరిని, మిరపపంటను, చిన్ననాఁట వచ్చిన వఱదను గూర్చి చెప్పెను. ఆమె యొక్కగానొక్క కుమారుఁడు ఉదయమునుండి ఆ తలుపుల వెనుకనే యున్నాఁడని నడుమ తెలిసెను. “అవ్వా, నీకు భయం లేదా?” అని యడిగితిని. “భయం లేకేం నాయనా? చేతులు ఖాళీగా ఉంటే అది గొంతుదాకా వస్తుంది” అని యనెను.

అంతలో తలుపు తెఱచి నన్ను పిలిచిరి. బంధువు క్షేమమని విని పరుగున లోపలికి పోతిని. గంట గడచిన పిదప బయటికి వచ్చి చూడఁగా ఆ బల్ల శూన్యముగా నుండెను. ఆమెకు ఏ వార్త వచ్చినదో నే నెఱుఁగను. నా భారమును పంచుకొన్న యామెను, నా భారము తీరఁగానే ఒంటరిగా విడిచి పోతిని. పోవుచున్నానని యొక్కమాటయైనను చెప్పలేదు. ఆ దినమున నాలుగు గంటలు గడపిన యుపాయమును నేర్చుకొంటిని. కాని పాఠములో సగమును మాత్రమే నేర్చుకొంటిని. తక్కిన సగమును ఈ వేదికమీఁదనుండి మీకు చెప్పుటయే నాకు మిగిలిన ప్రాయశ్చిత్తము.

గంటల మాట యట్లుండఁగా, సంవత్సరములు వేచినవారిని స్మరింతము. బాలగంగాధర తిలకు 1908వ సంవత్సరమున శిక్షింపఁబడి, 1914 వఱకు బర్మాలోని మాండలే కారాగృహమున నుండెను. అక్కడ నుండఁగనే 1912లో ఆయన భార్య మరణించెను. కడసారి చూపును దక్కలేదు. అట్టి గదిలో ఆయన పెన్సిలుతో గీతారహస్యమును వ్రాసెను. అది 1915లో అచ్చుపడెను. 1942వ సంవత్సరమున అహమ్మదునగరపు కోటలో బంధింపఁబడిన నాయకులకు విడుదల యెన్నఁడో తెలియదు. అందు నెహ్రూ పూలమొక్కలు పెంచెను, 1944లో భారతదేశచరిత్రను గూర్చిన మహాగ్రంథమును వ్రాసెను. మన పట్టాభి సీతారామయ్యయు నక్కడనే యొక గ్రంథమును వ్రాసెను. వీరెవ్వరును కాలమును చంపలేదు. దానిని దున్ని విత్తిరి. తాళము ఇతరుని చేతిలో నుండవచ్చును. తాళము వెనుకనున్న దినము మాత్రము వారిదే యయ్యెను.

అయితే, వేచియుండువానికి ఓర్పును బోధించి యూరకున్నచో అది సగము ధర్మమే. వేచియుండఁజేయువాని మాట యేమి? ఇక్కడ కఠోపనిషత్తు మనకు గురువు. నచికేతుఁడను బాలుఁడు యముని యింటికి పోఁగా, యముఁడు ఇంట లేఁడు. బాలుఁడు మూఁడు రాత్రులు అన్నము లేక వాకిట వేచియుండెను. తిరిగి వచ్చిన యముఁడేమి చేసెను? “నేను సర్వలోకశాసకుఁడను, బాలుఁ డొకఁడు వేచిన నేమి?” అని యనలేదు. నమస్కరించి, అపరాధమును మన్నింపుమని కోరి, రాత్రి కొకటి చొప్పున మూఁడు వరముల నిచ్చెను. ఆఁకలితో అతిథి వేచియున్న గృహస్థుని యాశలును పుణ్యములును నశించునని యా యుపనిషత్తు హెచ్చరించుచున్నది. మృత్యువునకే యింత మర్యాద యుండఁగా, మనకు లేకుండుట తగునా?

కచ్చేరిలో బల్లకు వెనుక కూర్చున్న సోదరా! నీ యెదుట వరుసలో నిలిచిన కూలివాఁడు ఆనాఁటి కూలిని వదలుకొని వచ్చినాఁడు. “రేపు రమ్ము” అను నీ మాటకు వెల అతని పిల్లల అన్నము. వైద్యసోదరా! తలుపు తెఱచి, “ఇంకను గంట పట్టును, భయము లేదు” అని యొక్కమాట చెప్పుటకు అరనిమిషము చాలును. బయటనున్నవారికి అది జామును ఘడియ చేయును. గృహస్థుఁడా! నీవు మిత్రగోష్ఠిలో నవ్వుచుండఁగా, అన్నము మూతపెట్టి, తాను తినక, నీ యడుగుల చప్పుడుకొఱకు చెవి యొగ్గిన భార్యకు “ఆలస్యమగును, నీవు భుజింపుము” అని తెలుపుటకు నేఁడు ఎంత కష్టము? ఒకరి సొమ్ము తీసినవాఁడు దానిని తిరిగి యీయవచ్చును. ఒకరి ఘడియను తీసినవాఁడు దేనితో తీర్చును? యముఁడు వరములతో తీర్చెను. మన చేత వరములు లేవు. కాఁబట్టి మొదటనే తీయకుండుట మేలు.

ఇఁక నచికేతుని కథలో మిగిలిన మాట. మరణానంతర మేమను జ్ఞానమును అతఁడు మూఁడవ వరముగా కోరఁగా, యముఁడు దానిని మాన్పింపఁజూచి ధనమును, ఏనుఁగులను, తాను కోరినన్ని యేండ్ల యాయువును ఇత్తుననెను. బాలుఁడు ఒప్పుకొనలేదు. ఎంత దీర్ఘమైనను అంతము గల కాలముతో తనకు పని లేదనెను. ఏమియు లేని వాకిట మూఁడు రాత్రులు మేలుకొని కూర్చున్నవానికి ఒక సంగతి తెలిసియుండును: కాలము ఎంత యనునది ప్రశ్న కాదు, దానిలో ఏమున్నది యనునదియే ప్రశ్న.

ప్రియులారా! రేపో మాపో మీరును ఏదో యొక తలుపు కడ వేచియుందురు. అప్పుడు గడియారమునుండి కన్నులు మరల్చి, ప్రక్కనున్న ముఖమును చూడుఁడు. చేతికి చిన్న పని యీయుఁడు. పని దొరకనిచో, మీతో మీరు నిర్భయముగా కూర్చుండుఁడు. మీ తలుపు ముందుగా తెఱవఁబడినచో, ఇంకను కూర్చున్నవారి చేయి పట్టి యొక్కమాట చెప్పి పొండు. నేను ఆనాఁడు చెప్పలేదు.

సర్వకాలములకును స్వామివైన ప్రభూ! మేము ఎదురుచూచు ఘడియలను కురుచచేయుమని నిన్ను వేఁడము. అవి శూన్యములు కాకుండునట్లు మాకు బుద్ధిని ప్రసాదింపుము. మా యాలస్యముచేత కన్నీరు కార్చువారిని మాకు చూపుము. ఒంటరిగా వేచియున్న ప్రతివానికిని తోడు కూర్చుండు మనస్సు నిమ్ము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.