ఇరవై ఏళ్ల తర్వాత సోపతి

స్నేహం గురించి మన పాఠ్యపుస్తకాల్లో కథలకు కొదవ లేదు. ఆపదలో ఆదుకున్నవాడే స్నేహితుడని చెప్తాం, పిల్లలు రాసుకుంటారు, మనం మార్కులు వేస్తాం. పెద్దయ్యాక ఎదురయ్యే చిక్కు ప్రశ్నకు మాత్రం ఆ పాఠాల్లో జవాబు ఉండదు. ఒకే కంచంలో తిన్న ఇద్దరు రేపు రెండు పక్షాల్లో నిలబడితే ఒకరికొకరు ఏం బాకీ ఉంటారు? పక్షం కోసం సోపతిని వదులుకోవాలా, సోపతి కోసం పక్షాన్ని వదులుకోవాలా?

ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా ఈ ప్రశ్న చుట్టూనే ఒక నవల అల్లాడు. 1844లో ఆయన రాసిన ‘ముగ్గురు మస్కటీర్లు’ గురించి చాలామంది వినే ఉంటారు. ఒక్కరి కోసం అందరూ, అందరి కోసం ఒక్కరూ అంటూ నలుగురు కుర్రాళ్లు కత్తులు పట్టి తిరిగే కథ అది. మరుసటి ఏడాదే దాని కొనసాగింపు వచ్చింది. పేరు ‘ఇరవై ఏళ్ల తర్వాత’. మొదటిది కుర్రాళ్ల పుస్తకమైతే, రెండోది నలభై దాటినవాళ్ల పుస్తకం.

ఎక్కడో ఫ్రాన్సు రాజుల కథ మనకెందుకని మీరు అడగవచ్చు. డ్యూమా నాయనమ్మ మారీ సెసెట్, ఇప్పుడు హైతీ అంటున్న చోట బానిసగా బతికిన నల్లజాతి స్త్రీ. ఆమె కొడుకు ఫ్రెంచి సైన్యంలో జనరల్ అయ్యాడు, మనవడు ప్రపంచమంతా చదివే రచయిత అయ్యాడు. అయినా ఆ మనవడి నవలలో మనలాంటివాళ్లు ఎక్కువగా సామాను మోసే నౌకర్లుగానే కనిపిస్తారు. ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకునే చదవాలి.

కథ 1648లో మొదలవుతుంది. రాజు పదేళ్ల పిల్లవాడు, పెత్తనమంతా మంత్రి మజారిన్‌ది. పన్నుల భారంతో పారిస్ జనం తిరగబడుతున్నారు. డార్టాన్యన్ ఇరవై ఏళ్లుగా లెఫ్టినెంటుగానే ఉండిపోయాడు. ప్రమోషన్ కోసం ఎదురుచూసే సార్లకు ఆయన బాధ వెంటనే అర్థమవుతుంది. పోర్థోస్‌కు ఆస్తి ఉంది, బిరుదు కావాలి. వీళ్లిద్దరూ మజారిన్ కొలువులో చేరతారు. ఆథోస్, ఆరామిస్ తిరుగుబాటు పక్షాన ఉంటారు. ఒక రాత్రి చీకట్లో కత్తులు దూసుకుని, గొంతులు విని గుర్తుపట్టి, నలుగురూ నిలువునా ఆగిపోతారు.

ఆ తర్వాత పారిస్‌లోని ప్లాస్ రాయల్ అనే చౌరస్తాలో కలుద్దామనుకుంటారు. మాట్లాడుకోవడానికే వస్తారు గానీ కత్తులు వెంట తెచ్చుకుంటారు. మాటకు మాట పెరుగుతుంది. అప్పుడు అందరికన్నా పెద్దవాడైన ఆథోస్, మీ మీద నా కత్తి ఎన్నడూ లేవదని చెప్పి దాన్ని విరిచేస్తాడు. ఆరామిస్ చేతా విరిపిస్తాడు. డార్టాన్యన్ తన కత్తిని దూయనే దూయడు. ఆ రాత్రి ఎవరూ పక్షం మారలేదు. తెల్లారి ఎవరి కొలువుకు వాళ్లే వెళ్లారు. వాళ్లు వదులుకున్నది దోస్తు మీదికి లేచే ఆయుధాన్ని మాత్రమే.

చిన్నయసూరి ‘మిత్రభేదం’లో సింహానికీ ఎద్దుకూ సోపతి ఎలా చెడిందో గుర్తుచేసుకోండి. నక్క వచ్చి ఇతనికి అతని మీద, అతనికి ఇతని మీద చెప్పింది. ఆ ఇద్దరూ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుని నువ్వు ఇలా అన్నావా అని అడుక్కుని ఉంటే కథ అలా ముగిసేది కాదు. ఈ రోజుల్లో ఆ నక్క పనిని వాట్సాప్ గ్రూపులు చేస్తున్నాయి.

మా ఏర్గట్ల, ఆర్మూర్ వైపు పసుపు రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం ఒక్కటయ్యారు. నిజామాబాద్ స్థానంలో బరిలో ఉన్న 185 మందిలో 178 మంది రైతులే. తర్వాత ఎవరి పార్టీ వాళ్లదే. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైతే, ఆ ఘనత ఎవరిదనే మాట దగ్గర మళ్లీ తగువు. ఒక డిమాండ్ కోసం ఒక నెల కలిసి నడవడం తేలికే. దారులు వేరయ్యాక పొలం గట్టు మీద ఎదురుపడి ఎట్లా పలకరించుకుంటామన్నదే కష్టం.

మన దగ్గర ఈ గాయం ఇంకా లోతుగా ఉంది. ఉపాధ్యాయ శిక్షణ రోజుల్లో గోండు, కోలాం, నాయకపోడు, లంబాడా పిల్లలు ఒకే హాస్టల్లో పక్కపక్కనే పడుకున్నారు. 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. వాళ్లను తీసేయాలని 2017 చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఆదివాసీలు పెద్ద ఎత్తున కదిలారు. లంబాడా టీచర్లు మా బడికి రావద్దన్న ఊళ్లు కూడా ఉన్నాయి. హాస్టల్లో ఒకే సబ్బు వాడుకున్నవాళ్లు ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం మానేశారు. నేను ఆదివాసీని, నా జనం పక్షాన ఉన్నవాణ్ని. దాన్ని ఇక్కడ దాచను. ఆ వాదనను ఇక్కడ తేల్చబోను కూడా. నేను అడిగేది ఆ ఫోన్ గురించి.

ఎదురు పక్షం వాడితో సోపతి ఉంచుకుంటే సొంత జనానికి ద్రోహం కాదా అని యువకులు కోపంగా అడుగుతారు. అది అడగవలసిన ప్రశ్నే. నవలలోనే దీనికి ఒక చిక్కు ఉంది. తర్వాత ఇంగ్లండులో డార్టాన్యన్, పోర్థోస్ దోస్తుల ప్రాణాల కోసం తమను పంపిన మజారిన్ పనినే పక్కన పెడతారు. మజారిన్ జీతం ఇచ్చే యజమాని, అతన్ని వదిలితే పోయేది కొలువే. మనకు పక్షమంటే మన అమ్మానాన్నలు, మన భూమి, మన పిల్లల చదువు, ఉద్యోగం. డార్టాన్యన్ వదిలినట్టు మనం వదల్లేం.

కాబట్టి మనకు పనికొచ్చేది ఆథోస్ దారి. పక్షంలో నిలబడు, దోస్తుకు ఆ సంగతి ముఖం మీదే చెప్పు. హాస్టల్లో నమ్మి చెప్పుకున్న ఇంటి కష్టాన్ని, అప్పును, బలహీనతను సభలో అతని మీద రాయిగా విసరకు. అతని జాతిని తిట్టే మాట నీ ముందు ఎవరైనా అంటే నవ్వి ఊరుకోకు. అర్ధరాత్రి అతని పిల్లవాడికి జ్వరమొస్తే బండి తియ్యి. వీటిలో ఏ ఒక్కటీ మన డిమాండ్‌ను బలహీనపరచదు. డిమాండ్ ప్రభుత్వం ముందు పెట్టేది. దాన్ని తోటి టీచరు గుండెలో గుచ్చితే ప్రభుత్వానికి ఏ నొప్పీ ఉండదు.

టీచర్లకు ఒక మాట. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ప్లాస్ రాయల్ ఘట్టం కథగా చెప్పండి. కత్తి విరిచేముందు ఆపి, మీరైతే ఏం చేస్తారని అడగండి. జవాబులు రాయించండి గానీ మార్కులు వేయకండి. గోండు పిల్లవాడూ లంబాడా పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూర్చుని రాస్తే ఇంకా మంచిది. ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లు ఎక్కడ ఎదురుపడతారో మనకు తెలియదు.