దేహం ఒకచోట, శ్రమ మరొకచోట

పూర్వం వలస అంటే పనిని వెదుక్కుంటూ మనిషి వెళ్ళడమే. 1834లో మొదలైన ఒప్పంద కూలీ విధానం కింద మారిషస్ చెరకు తోటలకు చేరినవారిలో తెలుగువారూ ఉన్నారు. బర్మా వెళ్ళి రంగూన్ రేవులోనూ, ధాన్యపు మిల్లులలోనూ చెమటోడ్చిన తెలుగువారికి కోరంగి రేవు పేరు మీదుగా ‘కోరంగీలు’ అన్న పేరే స్థిరపడింది. 2000 సంవత్సరం నాటి కంప్యూటర్ పనుల కోసం అమెరికా చేరిన యువకుల చదువు వేరు, జీతం వేరు. అయినా వీరందరికీ ఒక సామ్యం ఉంది. ఏ నేలకు తమ శ్రమను ధారపోశారో ఆ నేలమీదనే వారు నివసించారు.

ఈ ముడి ఇప్పుడు సడలింది. కోవిడ్ కాలంలో, 2020 జులైలో బార్బడోస్, ఆగస్టులో ఎస్టోనియా, విదేశీ సంస్థలకు దూరం నుంచి పనిచేసేవారిని తమ దేశంలో నివసించడానికి ప్రత్యేక అనుమతులతో ఆహ్వానించాయి. 2022 అక్టోబరులో పోర్చుగల్ అదే బాట పట్టింది. యజమాని ఒక దేశంలో, పనివాడు మరొక దేశంలో ఉండవచ్చు. పనివాని ఇరుగుపొరుగుకు అతని పనితో ఏ సంబంధమూ లేకపోవచ్చు.

ఇటువంటి ప్రయాణానికి సిద్ధమయ్యే యువతి ముందుగా కాగితాలు సమకూర్చుకుంటుంది. పోలీసు ధ్రువపత్రం, ఆదాయపు రుజువులు, బీమా, అక్కడ తలదాచుకునే ఇంటి ఆధారం అన్నీ కావాలి. పన్నెండు నెలలలో 183 రోజులకు మించి ఉంటే పోర్చుగల్ తనను పన్ను విషయంలో నివాసిగా లెక్కిస్తుందని తెలుసుకుంటుంది. ఇక్కడ తల్లిదండ్రుల మందుల చీటీలు, బ్యాంకు వ్యవహారాలు ఎవరికో ఒప్పగిస్తుంది. ఆమె నేరస్థురాలు కాదనీ, ఎవరికీ భారం కాదనీ ఆ కాగితాలు చాటుతాయి. ఆ వీధికి ఆమె ఏమవుతుందో మాత్రం అవి చెప్పవు.

పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్ల నెలసరి ఆదాయం ఉన్నవారికే ఈ అనుమతి లభిస్తుంది. కొత్తగా వచ్చినవారు ప్రభుత్వానికి భారం కాకూడదన్నది నియమం ఉద్దేశం. కానీ ఆ నియమమే ఆమెను ఇళ్ళ బజారులో పొరుగువారికి పోటీగా నిలుపుతుంది. 2023 ఏప్రిల్ 1న లిస్బన్‌లోనూ, ఇతర నగరాలలోనూ అద్దెల భారాన్ని నిరసిస్తూ వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. పర్యాటకుల బసలుగా మారిన ఇళ్ళు, పెట్టుబడిగా కొన్న ఇళ్ళు, చాలని కొత్త నిర్మాణాలు, ఇలా అద్దెలు పెరగడానికి కారణాలు అనేకం. దూరపు ఉద్యోగులు వాటిలో ఒక పాయ మాత్రమే. నేరమంతా వారిపై మోపడం న్యాయం కాదు. పాయ చిన్నదని ప్రవాహంతో తమకు సంబంధం లేదనడమూ న్యాయం కాదు.

‘అద్దె చెల్లిస్తున్నాను, పన్ను కడుతున్నాను, ఇంకా బాకీ ఏమిటి?’ అని ఆమె అడగవచ్చు. ఆ ప్రశ్నలో బలం ఉంది. అయితే వెల వేరు, ఋణం వేరు. వెల అమ్మినవానికి చేరుతుంది. కొనలేక వీధి విడిచి వెళ్ళినవానికి అందులో ఏమీ చేరదు. మనిషి పుట్టుకతోనే దేవతలకు, ఋషులకు, పితరులకు, తోటి మనుషులకు ఋణపడతాడని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. నాలుగవదైన మనుష్య ఋణం ఆశ్రయమిచ్చి, అన్నం పెట్టి తీర్చుకోవలసినది. 1795లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ పరదేశికి శత్రుభావం ఎదురుకాకుండా సందర్శించే హక్కును మాత్రమే అంగీకరించాడు. అతిథిగా నిలిచిపోయే హక్కుకు ప్రత్యేకమైన ఒడంబడిక కావాలన్నాడు. మొదటిది ఇంటివాని ధర్మాన్ని, రెండవది వచ్చినవాని హద్దును చెబుతున్నాయి. నేటి దూరపు ఉద్యోగి అతిథి వలె కొద్దిరోజుల్లో వెళ్ళడు, ఇంటివాని వలె ఆతిథ్యమూ ఇవ్వడు.

అతని స్థితీ భద్రమైనది కాదు. ఉద్యోగం పోతే అనుమతికీ ముప్పు రావచ్చు. తాత్కాలికుడననే భావం మనిషిని బాధ్యతకు దూరం చేస్తుంది. వదిలి వెళ్ళే వీధిని ఎవరు ఊడుస్తారు?

కనుక ప్రయాణపు సన్నాహంలో కాగితాలతో పాటు మరికొన్ని చేరాలి. ఆ దేశపు భాష నేర్చుకోవాలి. స్థానికుని జీతం అందుకోగల అద్దె ఎంతో ముందే విచారించాలి. పన్నును తప్పించుకునే దారి కంటే చెల్లించే దారి తెలుసుకోవాలి. ఇక్కడ మిగిలిన పెద్దలకు డబ్బుతో పాటు రాకపోకల మాట కూడా ఇవ్వాలి. శ్రమ ఏ దేశానికి చేరినా, దాహం తీర్చేది తాను నివసించే ఊరి నీరే. ఆ ఊరికి తనవల్ల కలిగే మేలేమిటో పెట్టె సర్దుకునే వేళకే ఆలోచించుకున్నవాడు సగం ఋణం తీర్చుకున్నట్టే.