కథలోని హంతకుడు, వీధిలోని అనుమానం

'హంతకుడు ఎవరు?' ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్ళల్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూడా వినబడుతోంది. నల్గొండ కానివ్వండి, మిర్యాలగూడ కానివ్వండి, మహబూబ్‌నగర్ కానివ్వండి, కాలేజీకి వెళ్ళే పిల్లలున్న ఇంట్లో 'హిట్' సినిమాల మాట రాకుండా ఉండడం కష్టం. శైలేష్ కొలను దర్శకత్వంలో మొదటి భాగం 2020 ఫిబ్రవరిలో, రెండోది 2022 డిసెంబర్‌లో, మూడోది 2025 మే 1న వచ్చాయి. రెండో భాగంలో పోలీసు అధికారి నేరస్థులను 'కోడి బుర్ర'లని తీసిపారేస్తాడు. సినిమా చూడకముందే ఆ కోడి బుర్ర ఏ నటుడై ఉంటాడని కుర్రాళ్ళు పందేలు కట్టినంత పని చేశారు. మూడో భాగం చివర తమిళ నటుడు కార్తీని చూపించారు కాబట్టి ఇక నాలుగో భాగం మీద ఊహలు మొదలయ్యాయి.

సినిమా చూడడం ధర్మసమ్మతమా కాదా అన్నది వేరే చర్చ. అది ఉలమాలు తేల్చవలసింది. మూడో భాగానికి సెన్సార్ వారే 'పెద్దలకు మాత్రమే' అని సర్టిఫికెట్ ఇచ్చారన్న సంగతి తల్లిదండ్రులు గుర్తుంచుకుంటే ప్రస్తుతానికి చాలు. మనం ఇక్కడ అడుగుతున్న ప్రశ్న మరొకటి. హుజురాత్ సూరా 12వ ఆయత్ విశ్వాసులను అనుమానాలకు దూరంగా ఉండమంటుంది, ఇతరుల రహస్యాలు ఆరా తీయవద్దంటుంది, వెనుక చాటుగా నిందించవద్దంటుంది. మరి అసలు లేని మనిషిని అనుమానిస్తే అది కూడా ఆ అనుమానం కిందికే వస్తుందా?

న్యాయంగా చెప్పాలంటే రాదు. కథలోని పాత్రకు పోయే పరువు లేదు, ఏడ్చే తల్లి లేదు. పిల్లవాడు 'వీడే హంతకుడు' అని వెండితెర మీది మనిషిని చూపిస్తే ఎవరి హక్కూ కాజేయబడలేదు. పైగా ఆధారాలు చూసి ఆలోచించడాన్ని మన ధర్మం ఏనాడూ తప్పుపట్టలేదు. యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతమే చూడండి. ఆయన మీద నింద పడినప్పుడు ఆ స్త్రీ కుటుంబంలోని వ్యక్తే ఒక మార్గం చూపాడు. చొక్కా ముందు నుండి చినిగిందా, వెనుక నుండి చినిగిందా చూడమన్నాడు. వెనుక నుండి చినిగింది. సత్యం బయటపడింది. అక్కడ ఎవరూ యూసుఫ్ ముఖం చూసి తీర్పు చెప్పలేదు. చొక్కాను చూశారు.

ఇప్పుడు మన పిల్లల ఊహలు ఎలా తయారవుతున్నాయో ఒకసారి పక్కన కూర్చుని వినండి. 'ఇంత పేరున్న నటుడికి ఇంత చిన్న వేషమా? అయితే వాడే.' 'ఈయన మరీ మంచివాడుగా కనిపిస్తున్నాడు, కాబట్టి ఈయనే.' 'అందరూ అనుమానించే మనిషి చివరికి ఎలాగూ కాడు.' ఇందులో చొక్కా ఎక్కడుంది? ఇది నేరాన్ని గురించిన పరిశోధన కాదు, కథ రాసినవాడి అలవాట్లను గురించిన పరిశోధన. సినిమాలో అది బాగానే పనిచేస్తుంది. ఎందుకంటే అక్కడ ప్రతి చూపునూ, ప్రతి చిరునవ్వునూ ఒకరు కావాలని పెట్టారు. హంతకుడు మనకు కనిపించిన మనుషుల్లోనే ఉంటాడని, రెండున్నర గంటల్లో దొరుకుతాడని ముందే హామీ ఉంది. మన వీధికి అలాంటి రచయిత లేడు. పొరుగింటి మనిషి తక్కువ మాట్లాడుతున్నాడంటే దానికి అర్థం అతను తక్కువ మాట్లాడతాడనే.

మొదటి 'హిట్'లో ఇబ్రహీం అనే పోలీసు అధికారి పాత్ర ఉంది. కనిపించకుండా పోయిన అమ్మాయి దారిలో అతనికి కనబడింది కాబట్టి అనుమానం అతని చుట్టూ తిరుగుతుంది. చివరికి అతను నిర్దోషి. ఆ పేరు వినగానే మనలో కొందరి మనసు చివుక్కుమని ఉండవచ్చు. కానీ పేరు కన్నా గమనించవలసింది ఇంకొకటుంది. ఇబ్రహీమే దోషి అని ఊహించిన ప్రేక్షకుడు తన ఊహ తప్పిందని తెలిశాక ఏం చేశాడు? నవ్వుకుని ఇంటికి వెళ్ళాడు. క్షమాపణ అడగడానికి అక్కడ మనిషి లేడు. తప్పుగా అనుమానిస్తే పోయేదేమీ లేదన్న ఈ పాఠమే మమ్మల్ని కలవరపెడుతోంది. ఈ పాఠం ఎవరూ నోటితో చెప్పరు, అయినా మనసులో దిగిపోతుంది.

మన ప్రాంతానికి ఈ విషయం కథ కాదు. అప్పటిదాకా నల్గొండ జిల్లాలో ఉండి తర్వాత యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళిన బొమ్మలరామారం మండలంలో హాజీపూర్ అనే ఊరుంది. 2019 ఏప్రిల్‌లో బడి నుండి ఇంటికి రాని ఒక అమ్మాయి శవం అక్కడి పాడుబడ్డ బావిలో దొరికింది. తర్వాత మరో ఇద్దరు ఆడపిల్లల అవశేషాలు బయటపడ్డాయి. వారిలో ఒకరు 2015లో కనిపించకుండా పోయిన పిల్ల. నేరం చేసినవాడు అదే ఊరివాడు. 2020 ఫిబ్రవరి 6న నల్గొండలోని ప్రత్యేక న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది. సరిగ్గా 22 రోజులకు మొదటి 'హిట్' విడుదలైంది. పాఠశాల బాలికలను చంపే హంతకుడి కథతో 'రాక్షసుడు' అనే సినిమా అంతకు ముందే, హాజీపూర్ బావి దగ్గర జనం గుమిగూడిన మూడు నెలల తర్వాత, 2019 ఆగస్టు 2న వచ్చింది. ఎవరూ కావాలని అలా ముహూర్తం పెట్టలేదు లెండి. కానీ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి.

హాజీపూర్‌లో ఏ చిక్కుముడీ లేదు, అపార మేధావి ఎవడూ లేడు. ఊరికి బస్సు సౌకర్యం లేదు. పిల్లలు నడిచి వచ్చేవారు. వాడు మోటార్ సైకిల్ మీద ఎక్కించుకుంటానన్నాడు. అంతే. ఇక అనుమానం మాటకొస్తే, అది ఎవరి మీద పడిందో చూడండి. అంతకు నెల రోజుల ముందే ఒక అమ్మాయి కనిపించకుండా పోతే, ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందని అన్నారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ పిల్ల అప్పటికి బావిలో ఉంది. ఊహ హంతకుడి దగ్గరకు పోలేదు, చనిపోయిన పిల్ల శీలం దగ్గరకు పోయింది. ఊహించిన వారి దగ్గర ఏ చొక్కా ఉంది? 'ఈ వయసు పిల్ల కనబడకపోతే ఇంకేముంటుంది' అన్న అరిగిపోయిన కథ ఒక్కటే ఉంది.

మదీనాలో కూడా ఒక నెల రోజులు ఇలాంటి కథే నడిచింది. ప్రయాణంలో వెనుకబడిపోయిన హజ్రత్ ఆయిషా (రజి) ఒక సహాబీ ఒంటె మీద తిరిగి వచ్చారు. చూసినది అంతే. మిగిలినదంతా అల్లినది. అల్లినవారు కొందరే, దాన్ని ఒకరి నుండి ఒకరికి చేర్చినవారు మాత్రం చాలామంది. వారిలో మంచివారూ ఉన్నారు. అదే సమయంలో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో భార్య ఈ మాట ఎత్తితే, ఆయన ఆమెను నువ్వైతే అలాంటి పని చేస్తావా అని అడిగారు. అల్లాహ్ సాక్షిగా చేయనన్నది ఆమె. మరి ఆయిషా నీకంటే మేలైనవారు కదా అన్నారాయన. ఇంటి మాట ఇంట్లోనే ఆగిపోయింది. నూర్ సూరా 12వ ఆయత్ ఆ మాట విన్నప్పుడు విశ్వాసులు ఒకరి గురించి ఒకరు మంచిగా ఎందుకు తలచలేదని నిలదీస్తుంది. ఆ భార్యాభర్తలు చేసిన పని సరిగ్గా అదే.

ఇది పద్నాలుగు వందల ఏళ్ళ నాటి సంగతి కదా అనుకునేవారి కోసం 2018 మే నెలను గుర్తు చేస్తాము. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతటా వాట్సాప్‌లో వీడియోలు పాకాయి. బీబీనగర్ మండలంలోని ఒక ఊళ్ళో బంధువుల ఇంటికి వచ్చిన ఆటో డ్రైవర్‌ను కొట్టి చంపారు. మే 26 రాత్రి హైదరాబాద్ పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో మరో ఘోరం జరిగింది. రంజాన్ నెలలో నాలుగు రూపాయలు దొరుకుతాయని మహబూబ్‌నగర్ వైపు నుండి వచ్చిన హిజ్రాలను గుంపు చుట్టుముట్టింది. వారిలో ఒకరు ప్రాణం వదిలారు. అది రంజాన్ రాత్రి. జకాత్, సదఖా చేతులు మారే రాత్రి. చీర కట్టుకున్న అపరిచితులు, వేరే ఊరివారు, చీకటి. సినిమాలో అయితే ఇవన్నీ ఆధారాలే. ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ తాను హంతకుణ్ణో, దొంగనో కనిపెట్టానన్న నమ్మకమే ఉండి ఉంటుంది.

అప్పుడు పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే అయిన గద్వాలలో కథ వేరుగా నడిచింది. జోగులాంబ గద్వాల ఎస్.పి.గా ఉన్న రెమా రాజేశ్వరి గారికి ఊళ్ళల్లో తిరిగే కానిస్టేబుళ్ళు ఒక వింత సంగతి చెప్పారు. మండు వేసవిలో కూడా జనం ఆరుబయట పడుకోవడం మానేసి తలుపులు బిగించుకుంటున్నారని. ఆమె కారణం ఆరా తీస్తే ఆ వీడియోలు బయటపడ్డాయి. పోలీసులు ఊరూరా తిరిగారు. డప్పు కొట్టి పాటలు కట్టి చెప్పారు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కానిస్టేబుళ్ళను చేర్చారు. ఆ వదంతుల వల్ల ఆమె పరిధిలో ఒక్క ప్రాణమూ పోలేదు. వాళ్ళు జనానికి నేర్పింది పెద్ద విద్య ఏమీ కాదు. ఫోన్‌లో వచ్చింది ఎవరు పంపారు, ఎవరు కళ్ళారా చూశారు అని అడగడం, తెలియకపోతే పోలీసులకు చెప్పి ఊరుకోవడం.

నాలుగో 'హిట్' వస్తుంది. మన కుర్రాళ్ళు మళ్ళీ ఊహిస్తారు. వద్దని కసరడం కంటే పక్కన కూర్చుని, 'ఎలా తెలిసింది బేటా? చొక్కా ఏది?' అని అడగండి. వాళ్ళు తడబడతారు, నవ్వుతారు. ఆ తర్వాత వారం వీధి చివరి ఇంట్లో కొత్తగా దిగిన కుటుంబం గురించి అదే దస్తర్‌ఖాన్ దగ్గర మాట వస్తుంది. వాళ్ళెవరో, ఏం పని చేస్తారో, ఎందుకు ఎవరితోనూ కలవరో అని. ఆ మాట ఎత్తేది పిల్లలు కాకపోవచ్చు, మనమే కావచ్చు.