మంచూ, మా అమ్మ అరికాళ్ళూ

పోయిన జులైలో ఒక తెల్లవారుజామున, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లోని మా పెరట్లో గడ్డి తెల్లబడింది. ఊరినుంచి వచ్చిన మా అమ్మ తులసికి నీళ్ళు పోద్దామని చెప్పులు లేకుండా వెళ్ళి, గబగబా తిరిగివచ్చింది. "మంచు గడ్డకట్టిందిరా, తులసి నల్లబడిపోయింది" అన్నది. "రెండు డిగ్రీలని రేడియోలో చెప్పారమ్మా, గడ్డకట్టే వీలు లేదు" అన్నాము, కాఫీ కప్పు కింద పెట్టకుండానే. పొగమంచుకూ, మంచుబిందువుకూ, మంచుగడ్డకూ మనకున్నది ఒకటే మాట గదా, అమ్మ ఏ బిందువులో చూసి ఉంటుందనుకున్నాము.

వీలు ఉంది. వాతావరణ శాఖవారి థర్మామీటరు నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఒక పెట్టెలో ఉంటుంది. మబ్బూ గాలీ లేని రాత్రి, నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి పైనున్న గాలికంటె ఎక్కువ చల్లబడుతుంది. పెట్టెలో రెండు డిగ్రీలున్నా గడ్డిపరక మీద సున్నాకు దిగవచ్చు. 1814లో ఈ సంగతి విడమరచి రాసిన విలియం చార్లెస్ వెల్స్ వృత్తిరీత్యా వైద్యుడు. అది తలుచుకుంటే మాకు కొంచెం సిగ్గే. ఆయనకు ముందే అలహాబాదులో పనివారు గుంటల్లో చొప్ప పరచి, లోతులేని మట్టి మూకుళ్ళలో నీళ్ళు పోసి, సూర్యోదయానికి ముందే మంచు తీసేవారని 1775లో రాబర్ట్ బార్కర్ వర్ణించాడు.

ఇలాంటప్పుడు మనవాళ్ళు గుడ్డివాళ్ళూ ఏనుగూ కథ చెబుతారు. ఆ కథలో కళ్ళున్నవాడు చెప్పేవాడొక్కడే. డాక్టర్లం మేమెప్పుడూ ఆ చెప్పేవాడి కుర్చీలోనే కూర్చుంటాము. "ఎవరి దృష్టి వారిది" అన్న మాటా మాకు రుచించదు. మర్యాదగా మాట తుంచేయడానికి తప్ప అది దేనికీ పనికిరాదు. తులసి నల్లబడటం అమ్మ దృష్టీ కాదు, మా దృష్టీ కాదు, జరిగిన పని. తెలుసుకోవలసిందల్లా ఎవరు ఎంత ఎత్తునుంచి చూశారన్నదే.

అంతకు వారం ముందు అమ్మ, "రాత్రిళ్ళు అరికాళ్ళు మంటలురా" అన్నది. రక్తపరీక్షల కాగితాలు తిరగేసి, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అన్నాము. ఆ కాగితాల్లో అబద్ధం లేదు. అవి అరికాళ్ళ ఎత్తున తీసినవి కావు, అంతే. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తగ్గిందనుకున్నాము.

ఆ సాయంత్రం నేలమీద కూర్చుని, "కాళ్ళు ఇలా చాపమ్మా, చూస్తాను" అన్నాము. అమ్మ చాపలేదు.

"ముందు ఆ తులసి కుండ వరండాలోకి జరుపు. మొదలు ఇంకా పచ్చిగానే ఉంది" అన్నది.